ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ చేసే అమ్మ కైలాస పరిక్రమ చేయగలదా?

మీరు అడిగింది ఇదీ. అమ్మగారికి 64 ఏళ్ళు, బీపీకి రోజూ ఒక మాత్ర, షుగర్ లేదు. ఏటా ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడుస్తారు. అలాంటప్పుడు మూడు రోజుల్లో 52 కిలోమీటర్ల కైలాస పరిక్రమ ఏమంత కష్టం? నేపాల్ మీదుగా పది రోజుల హెలికాప్టర్ ప్యాకేజీ తీసుకోవచ్చా? పరిక్రమ పూర్తి చేయకపోతే యాత్రాఫలం దక్కదని ఎవరో అన్నారు, నిజమేనా? చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "అది మన శివుడి కొండ కదా, టిబెట్‌వాళ్ళకు దానితో ఏం పని?" ఈ ఆఖరి ప్రశ్నకూ జవాబు చెప్తాను. ఫలం గురించి మీరు అడిగినదానికి సమాధానం నాకు అక్కడే దొరికింది.

నేను మూడుసార్లు వెళ్ళాను. 2012లో ప్రభుత్వ యాత్రలో లిపులేఖ్ కనుమ మీదుగా, 2018లో కాఠ్మాండూ నుంచి కేరుంగ్ మీదుగా, 2019లో సిమికోట్, హిల్సా మీదుగా. రెండుసార్లు పరిక్రమ పూర్తయింది. 2018లో మాత్రం పరిక్రమ మొదటి రాత్రి మజిలీ డేరాపుక్ నుంచి వెనక్కి వచ్చేశాం. నేను మీకు చెప్పే సలహాలో ఎక్కువ భాగం ఆ వెనక్కి వచ్చిన యాత్రలో నేర్చుకున్నదే.

ముందు కిలోమీటర్ల సంగతి. సింహాచలం చుట్టూ నడిచేటప్పుడు మనం సముద్రమట్టానికి కాస్త పైన ఉంటాం, అంతే. కైలాసం దగ్గర పరిక్రమ మొదలయ్యే డార్చెన్ ఊరే దాదాపు 4,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రాత్రి పడుకునే డేరాపుక్ 5,000 మీటర్లకు దగ్గర. రెండో రోజు దాటాల్సిన డోల్మా కనుమ సుమారు 5,630 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి వైజాగ్ బీచ్‌లో ఉండేదాంట్లో సగమే. అమ్మగారు నిండుగా ఊపిరి పీల్చినా లోపలికి వెళ్ళే ఆక్సిజన్ ఇక్కడ అర ఊపిరికి వెళ్ళేంతే.

డోల్మా ఎక్కేటప్పుడు నేను పంచాక్షరితో అడుగులు లెక్కపెట్టుకున్నాను. న, మః, శి, వా, య. ఐదు అక్షరాలకు ఐదు అడుగులు, తర్వాత కర్ర మీద వాలి ఊపిరి కూడదీసుకోవడం. ఆరో అడుగు పడేది కాదు. రాజమండ్రిలో రోజూ పొద్దున గోదావరి గట్టున గంటన్నర నడిచే మనిషిని నేను.

నడక అలవాటు మోకాళ్ళకు, గుండెకు మేలు చేస్తుంది, అది వదలొద్దు. కానీ ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడటం పూర్తిగా వేరే సంగతి. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఆగకుండా ఎక్కే పాతికేళ్ళ కుర్రాడు టిబెట్ దారిలో వచ్చే సాగా ఊళ్ళో వాంతులతో మంచాన పడొచ్చు. అతని పక్కనే అరవై ఐదేళ్ళ పెద్దావిడ హాయిగా అన్నం తినొచ్చు. ఎవరికి ఎలా ఉంటుందో ముందు చెప్పలేం. ఒంటికి కావలసినది టైమ్. ఊపిరి వేగం పెరగడం, రక్తం తనను తాను సర్దుకోవడం రోజుల మీద జరిగే పని. డబ్బు పెట్టి దాన్ని తొందరపెట్టలేం. ప్యాకేజీలో మీరు నిజంగా కొనుక్కోవలసినవి ఆ రోజులే.

2018లో జరిగింది చెప్తాను. మా బావగారికి అప్పుడు 58 ఏళ్ళు. ఏ జబ్బూ లేదు. పర్మిట్ ఆలస్యమైందని మమ్మల్ని తీసుకెళ్ళిన టూర్‌వాళ్ళు ప్లాన్‌లో ఉన్న విశ్రాంతి రోజులు రెండూ కోసేశారు. దాదాపు 2,800 మీటర్ల ఎత్తున్న కేరుంగ్‌లో ఒక రాత్రి, మర్నాడే 4,450 మీటర్ల సాగా, ఆ మర్నాడే మానససరోవరం. సాగాలోనే బావగారు రాత్రి భోజనం వద్దన్నారు. తలనొప్పి ఉందా అని అడిగితే "జలుబు చేసింది లేవోయ్" అన్నారు. సరోవరం దగ్గర పొడిదగ్గు మొదలైంది. అప్పుడైనా నేను గట్టిగా అడగాల్సింది. అడగలేదు. ఇంత దూరం వచ్చాక ఆయన్ని ఆపేయమంటారేమోనని నాకూ లోపల భయమే.

డేరాపుక్‌లో అర్ధరాత్రి లేచి చూస్తే ఆయన మంచం మీద కూర్చుని, దిండు గుండెకు హత్తుకుని ముందుకు వాలి ఉన్నారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. వీపు మీద చెవి ఆనించి వింటే లోపల గుడగుడమని నీళ్ళ చప్పుడు. వేలికి ఆక్సీమీటర్ పెడితే 58 చూపించింది. అది ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. సిలిండర్ పెట్టి, చీకట్లోనే బండి తెప్పించి డార్చెన్‌కు, అక్కడి నుంచి ఆగకుండా తక్లాకోట్‌కు దించాం. తక్లాకోట్ 3,900 మీటర్లు. దిగుతున్నకొద్దీ ఆయన పెదాల రంగు మారడం నేను సెల్‌ఫోన్ లైట్లో చూస్తూనే ఉన్నాను. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి కోలుకున్నారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ మందులు, ఆ సిలిండర్ కాస్త టైమ్ ఇచ్చాయి. ఆయన్ని బతికించింది మాత్రం కిందికి దిగడమే.

కాబట్టి ఈ గుర్తులు మీరు, అమ్మగారు ఇద్దరూ కంఠతా పట్టండి. తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం: ఇవి చాలామందికి వస్తాయి, ఆ రోజుకు పైకి వెళ్ళకుండా ఆగితే చాలావరకు తగ్గుతాయి. కూర్చుని ఉన్నా ఆయాసం, తడిదగ్గు, గులాబీ రంగు నురగ: ఊపిరితిత్తులు. మాట తడబడటం, మనిషి మత్తుగా ఉండటం, గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవమంటే తూలిపోవడం: మెదడు వాపు. చివరి రెండింట్లో ఏది కనిపించినా తెల్లారనివ్వండి చూద్దాం అనకూడదు, వెంటనే దించాలి. ఆక్సీమీటర్ ఒకటి పట్టుకెళ్ళండి. సాగాలో 85 చుట్టూ, డేరాపుక్‌లో 80 కిందికి రావడం మామూలే, ఆ అంకె చూసి టెన్షన్ పడొద్దు. మనిషి ఎలా ఉన్నారన్నది ముఖ్యం. అన్నిటికంటే ముందు అమ్మగారితో ఒక మాట అనుకోండి: "ఒంట్లో ఏ తేడా ఉన్నా దాచనని నాకు మాటివ్వు." మన పెద్దవాళ్ళు పిల్లలకు ఇబ్బంది అవుతుందని దాస్తారు. ఆడవాళ్ళు మరీ దాస్తారు.

ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా ముందుగా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. ఎత్తుకు వెళ్ళే ముందురోజు నుంచి 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు అన్నది మామూలుగా ఇచ్చే మోతాదు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు వాడకూడదు. అమ్మగారి బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు గానీ, గుండె వేగం తగ్గించే మందు గానీ కలిసి ఉందేమో డాక్టరుకు స్ట్రిప్ చూపించి అడగండి. మందుల షాపులో అడిగి కొనేసే మాత్ర కాదది. రెండు నెలల ముందే గుండె డాక్టరు దగ్గర ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించండి. బీపీ అదుపులో ఉన్నవాళ్ళు చాలామంది వెళ్ళొస్తున్నారు, అదొక్కటే అడ్డం కాదు.

ఇక దారులు. అమ్మగారి వయసుకు నేను మొదట చెప్పేది ప్రభుత్వ యాత్రే. 1981 నుంచి విదేశాంగ శాఖ నడుపుతోంది. 2020 నుంచి ఐదేళ్ళు ఆగిపోయి 2025లో మళ్ళీ మొదలైంది. ఆ ఏడు 5,561 మంది దరఖాస్తు చేస్తే కంప్యూటర్ డ్రాలో 750 మందికి అవకాశం వచ్చింది. లిపులేఖ్ దారిలో 50 మంది చొప్పున 5 బ్యాచ్‌లు, సిక్కింలో నాథులా దారిలో 10 బ్యాచ్‌లు. వయసు 18 నుంచి 70 మధ్య ఉండాలి, బీఎంఐ (మనిషి పొడుగుకు తగ్గ బరువు లెక్క) 25 దాటకూడదు. ఢిల్లీలో వైద్య పరీక్షలు, దారిలో ఎత్తుకు చేరాక ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు పోలీసు దళం) డాక్టర్లతో మళ్ళీ పరీక్షలు. 2012లో గుంజి దగ్గర మా బ్యాచ్‌లో ఇద్దరిని ఆపేశారు. అందులో ఒకాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు అప్పుడు ఆ డాక్టర్ల మీద కోపం వచ్చింది. 2018 తర్వాత వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో లిపులేఖ్ దారి అంటే ధార్చూలా దాటాక రోజుల తరబడి కాలినడకే. కష్టమే, కానీ ఆ నడకే ఒంటిని మెల్లగా ఎత్తుకు అలవాటు చేసేది. నాభీఢాంగ్‌లో తెల్లవారుజామున మూడింటికి టార్చిలైట్లతో బయల్దేరి, గాలి లేవకముందే కనుమ దాటాం. ఇప్పుడు రోడ్డు పడింది, నడక బాగా తగ్గింది. నాథులా దారి అయితే మొత్తం బండి మీదే, నడిచేది పరిక్రమలోనే. రెండూ మూడు వారాల యాత్రలు. సెలవు దొరకదని అందరూ వెనకాడేది అందుకే, కానీ ఆ మూడు వారాలే దాని బలం. నమోదుకు కేఎంవై డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ సైట్ ఒక్కటే. డ్రాలో పేరు తెప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ళను నమ్మకండి.

డ్రాలో రాకపోతే నేపాల్ దారులు. మీరు చెప్పిన హెలికాప్టర్ ప్యాకేజీలో ఏం జరుగుతుందో చూడండి. పొద్దున నేపాల్‌గంజ్‌లో 150 మీటర్ల ఎత్తులో ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి 2,900 మీటర్ల సిమికోట్‌లో దిగుతారు. అక్కడి నుంచి 3,600 మీటర్ల హిల్సా, బ్రిడ్జి దాటి తక్లాకోట్. పది రోజుల్లో ముగించాలంటే తక్లాకోట్‌లో ఒక్క రాత్రే ఉంచుతారు. 64 ఏళ్ళ మనిషికి నేను దీన్ని ఒప్పుకోను. ఇదే దారిలో వెళ్తే సిమికోట్‌లో ఒక రాత్రి, తక్లాకోట్‌లో కనీసం రెండు, సరోవరం దగ్గర రెండు రాత్రులు ఉండేలా 13, 14 రోజుల ప్లాన్ అడగండి. పైగా వాతావరణం కోసం రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. 2018 జులై మొదట్లో మబ్బులు కమ్మి హెలికాప్టర్లు ఎగరక, సిమికోట్, హిల్సా, టిబెట్ వైపు కలిపి దాదాపు 1,500 మంది భారతీయ యాత్రికులు చిక్కుకుపోయారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. తిరుగు టికెట్ మర్నాటికే పెట్టుకోవడం అందుకే తప్పు.

కేరుంగ్ రోడ్డు దారి ఒంటికి కాస్త నయం, కేరుంగ్‌లో రెండు, సాగాలో రెండు రాత్రులు ఇస్తేనే. 2025 జులైలో వరద వచ్చి రసువాగఢీ దగ్గర సరిహద్దు వంతెన కొట్టుకుపోయింది. బయల్దేరే ముందు ఆ దారి పరిస్థితి కనుక్కోండి. ఇంకొక్క సంగతి చాలామందికి తెలియదు. ఈ దారుల్లో చైనా ఇచ్చేది గ్రూప్ వీసా, అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. ఒకరు మధ్యలో ఆగిపోతే ఆ కాగితం విడదీయడం పెద్ద తతంగం. అమ్మగారు ఆగితే ఆమెతో ఎవరు ఉంటారు, వీసా సంగతి ఏమిటి అని ఆపరేటర్‌ను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకా ఈ 2026 టిబెట్ పంచాంగంలో గుర్రం సంవత్సరం. పన్నెండేళ్ళకోసారి వస్తుంది, కిందటిది 2014. ఆ ఏడు ఒక పరిక్రమ చేస్తే పదమూడు చేసినంత అని టిబెట్‌వాళ్ళ నమ్మకం. కాబట్టి ఈసారి జనం బాగా ఉంటారు, డేరాపుక్‌లో గదులు, గుర్రాలు దొరకడం కష్టం. మే, జూన్‌లో వచ్చే సాగా దావా అనే టిబెట్ బౌద్ధుల పండగ పౌర్ణమికి, పరిక్రమ దారిలోని తర్‌బోచే దగ్గర పెద్ద ధ్వజస్తంభం దించి, కొత్త జెండాలు కట్టి నిలబెడతారు. చూడముచ్చటైన పండగే, కానీ అమ్మగారితో వెళ్ళేవాళ్ళు ఆ వారం తప్పించండి.

ఇప్పుడు "మన కొండ" అన్న మాట దగ్గరికి వస్తాను.

6,638 మీటర్ల ఈ కొండ మనకు శివపార్వతుల ఇల్లు. రావణుడు ఎత్తబోయిన కొండ ఇదే, ఆయన తపస్సు చేశాడని చెప్పే రాక్షసతాల్ మానససరోవరం పక్కనే ఉంది. టిబెట్ బౌద్ధులు దీన్ని కాంగ్ రింపోచే అంటారు, మంచు రత్నం అని అర్థం. వాళ్ళకు ఇది దెమ్‌చోక్ దేవుడి మండలం. సంస్కృతంలో ఆయన చక్రసంవరుడు. ఆయన పక్కన దేవేరి దోర్జే ఫాగ్మో. బౌద్ధం టిబెట్‌కు రాకముందు నుంచి అక్కడ ఉన్నది బోన్ మతం. వాళ్ళు దీన్ని తిసే అంటారు, తొమ్మిది అంతస్తుల స్వస్తిక పర్వతం అంటారు, తమ గురువు షెన్‌రబ్ ఆకాశం నుంచి ఇక్కడ దిగాడంటారు. జైనులకు ఇదే అష్టాపదం, మొదటి తీర్థంకరుడు ఋషభనాథుడు నిర్వాణం పొందిన చోటు. ఆయన మనకు కొత్తవారేమీ కాదు, ఆలేరు దగ్గర కొలనుపాక జైనమందిరంలో మాణిక్యస్వామిగా కొలిచే ఆదినాథుడు ఆయనే.

దారిలో ఒక్కో చోటుకు రెండేసి పేర్లు. మనం యమద్వారం అనే చిన్న కట్టడం వాళ్ళకు చోర్టెన్ కాంగ్‌న్యీ, రెండు కాళ్ళ స్తూపం. మనం గౌరీకుండం అని కళ్ళకద్దుకునే ఆకుపచ్చ నీటిని వాళ్ళు తుక్‌పే జింగ్‌బు అంటారు. డోల్మా అంటే తారాదేవి. డేరాపుక్ పేరుకు మూలం ద్రి, రా, పుక్: ఆడ జడలబర్రె, కొమ్ము, గుహ. 13వ శతాబ్దంలో గోత్సాంగ్‌పా అనే యోగి దారి వెతుక్కుంటూ వస్తే ఒక ఆడ జడలబర్రె ముందు నడిచి ఈ గుహ చూపించి, రాతి మీద కొమ్ముల గుర్తు వదిలి మాయమైందట. బౌద్ధులూ బోన్‌వాళ్ళూ ఈ కొండ కోసం పోటీ పడిన కథ కూడా ఉంది. బౌద్ధ యోగి మిలరేపా, బోన్ గురువు నారో బోన్‌చుంగ్ ఇద్దరిలో తెల్లారేసరికి శిఖరం ఎవరు చేరితే వారిదే కొండ. బోన్‌చుంగ్ తన డప్పు మీద ఎగిరి వెళ్తుంటే, మిలరేపా సూర్యుడి మొదటి కిరణంతో పాటు పైకి చేరాడు. డప్పు జారి పడి దక్షిణ ముఖం మీద నిలువు గాడి పడిందంటారు. ఓడిన వాడికి మిలరేపా కైలాసం కనిపించేలా పక్కన ఇంకో కొండ ఇచ్చాడు. కథలో నాకు నచ్చేది ఆ చివరి ముక్కే.

ఈ శిఖరం ఎవరూ ఎక్కలేదు. 1980ల్లో చైనా ప్రభుత్వం మెస్నర్ అనే ప్రఖ్యాత పర్వతారోహకుడికి అవకాశం ఇస్తే ఆయనే వద్దన్నాడు. నాలుగు మతాలవాళ్ళూ కొండ చుట్టూ తిరుగుతారు, పైన కాలు పెట్టరు.

2019లో నా భార్యతో వెళ్ళినప్పుడు, డేరాపుక్ ఇంకా గంట దూరం ఉందనగా ఒక టిబెట్ అవ్వ కనిపించింది. సాష్టాంగ నమస్కారాలతో పరిక్రమ చేస్తోంది. ముందు తోలు అప్రాన్, అరచేతులకు చెక్క పలకలు. చేతులు జోడించి నుదుటికి, గొంతుకు, గుండెకు తాకించడం, మోకాళ్ళ మీదికి దిగడం, పలకలు గరగరమని రాళ్ళ మీద జారుతుండగా ఒళ్ళంతా చాచి పడుకోవడం, వేళ్ళు తాకిన చోట లేచి నిలబడటం. మళ్ళీ మొదలు. అలా 52 కిలోమీటర్లకు మూడు నాలుగు వారాలు పడుతుంది. నుదుటి మీద రూపాయి కాసంత కాయ కాచింది. మా ఆవిడ అప్పటికి ఆయాసంతో రాయికి ఆనుకుని నిలబడిపోయింది. అవ్వ చూసింది. తాను ఆగిన చోట ఒక గులకరాయి పెట్టి, పలకలు తీసి, వచ్చి మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వెనకాల వస్తున్న మనవరాలి వీపు మీద ఫ్లాస్కు ఉంది. మూతలో ఉప్పు వెన్న టీ పోసి ఇచ్చి, తాగేదాకా ఎదురుగా గొంతుక్కూర్చుంది. తర్వాత వెళ్ళి సరిగ్గా ఆ గులకరాయి దగ్గరే మళ్ళీ మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు, భాష రాదు కదా.

మర్నాడు డోల్మా దిగుతుంటే ఒక కుటుంబం మాకు ఎదురొచ్చింది. మా గుంపులో ఒకాయన "అటు కాదు, రాంగ్ సైడ్" అని చేతులు ఊపాడు. వాళ్ళు నవ్వి పక్కకు జరిగి దారిచ్చారు. వాళ్ళు బోన్‌వాళ్ళు. మనం, బౌద్ధులు కుడివైపుగా తిరుగుతాం, వాళ్ళు ఎడమవైపుగా తిరుగుతారు. వేల ఏళ్ళుగా మనకు తెలిసిన ప్రదక్షిణకు పూర్తిగా ఎదురు దిశ, కొండ మాత్రం అదే.

ఒకరు మూడు రోజుల్లో, ఒకరు నాలుగు వారాల్లో, ఒకరు ఎదురు దిశలో. ఫలానా లెక్క తప్పితే ఫలం పోతుందనే మాట ఆ దారిలో నడిచాక నాకు నమ్మబుద్ధి కాలేదు. మన సంప్రదాయంలోనైనా క్షేత్రానికి దర్శనం ప్రధానం, ప్రదక్షిణ శక్తికొద్దీ. శ్రీశైల శిఖరం దూరం నుంచి చూస్తే చాలు మళ్ళీ జన్మ లేదని నమ్మి, శిఖరేశ్వరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి చూసే వాళ్ళం మనం. కైలాసాన్ని కళ్ళారా చూసిన అమ్మగారికి ఫలం దక్కలేదని ఎవరు చెప్పగలరు?

అందుకే అమ్మగారికి నేను చెప్పే ప్లాన్ ఇది. సరోవరం దగ్గర రెండు రాత్రులు. తర్వాత యమద్వారం నుంచి డేరాపుక్ దాకా దాదాపు 12 కిలోమీటర్లు, గుర్రం మీద. అది కాస్త ఎగువగా సాగే లోయదారి, పెద్ద ఎక్కుడు లేదు. డేరాపుక్‌లో ఉత్తర ముఖం ఎదురుగా నిలువుగా, నల్లటి రాయి మీద మంచుతో నిలబడి ఉంటుంది. మొత్తం పరిక్రమలో కొండకు అంత దగ్గరగా, అంత నిండుగా కనిపించే చోటు మరొకటి లేదు. అక్కడ రాత్రి ఉండి, పొద్దున బంగారు రంగు చూసి, వెనక్కి డార్చెన్ వచ్చేయండి. రెండో రోజు డోల్మా ఎక్కడం, ఆ తర్వాత నిటారుగా రాళ్ళలో దిగడం, రెండో రాత్రి మజిలీ జుతుల్‌పుక్ చేరేసరికి ఇరవై కిలోమీటర్ల చిల్లర అవుతుంది. గుర్రం ఉందిలే అనుకోవద్దు. డోల్మా దిగేటప్పుడు గుర్రం మీద కూర్చోనివ్వరు, మోకాళ్ళు విరిగేలా నడిచి దిగాల్సిందే. డేరాపుక్‌లో ఆ రాత్రి అమ్మగారు బాగా తిని, బాగా నిద్రపోయి, పొద్దున తలనొప్పి లేకుండా లేస్తే అప్పుడు ఆలోచించవచ్చు. ముందే మొక్కుకుని మాత్రం వెళ్ళకండి. మొక్కు ఉంటే మనిషి ఒంటి మాట వినడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సరోవరంలోకి దిగి మునగడాన్ని కొన్నేళ్ళుగా చైనా అధికారులు ఒప్పుకోవడం లేదు. బకెట్‌తో నీళ్ళు తెచ్చుకుని ఒడ్డున పోసుకోవాలి. అమ్మగారు తలస్నానం చేస్తానంటే మధ్యాహ్నం ఎండలో, గాలి లేనప్పుడు, వెంటనే తుడిచి ఉన్ని టోపీ పెట్టేయండి. పాలు, పూలు, కర్పూరం ప్యాకెట్లు నీళ్ళలో వేయవద్దు. డోల్మా దారిలో శివత్సాల్ దగ్గర టిబెట్‌వాళ్ళు పాత బట్టలు, వెంట్రుకలు వదలడం చూస్తారు, అది పాత జన్మ వదలడం అనే వాళ్ళ ఆచారం. మనవాళ్ళు దాన్ని చూసి ప్లాస్టిక్ సీసాలు కూడా అక్కడే పడేసి వస్తున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఆ ఎత్తులో నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కర్ లేనిదే అన్నం ఉడకదు, వంటవాళ్ళు జావలాగా కిచిడీ పెడతారు. ఆకలి చచ్చిపోయిన నోటికి మా ఇంటి కారప్పొడి, నిమ్మకాయ పచ్చడి అమృతంలా ఉండేవి, తప్పకుండా పట్టుకెళ్ళండి. మరుగుదొడ్లు బయట, దూరంగా ఉంటాయి, కొన్నిచోట్ల అసలు ఉండవు. అమ్మగారికి ఇది ముందే చెప్పండి. ఒక గొడుగు, హెడ్‌లైట్, ఆడతోడు ఉండేలా చూడండి. మరుగుదొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు చాలామంది, ఒంటికి అది చాలా చెడు చేస్తుంది. గడియారాలు అక్కడ బీజింగ్ టైమ్‌లో నడుస్తాయి, మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి వాళ్ళ లెక్కన తెల్లారేది బాగా ఆలస్యంగా. దలైలామా ఫొటో గానీ పుస్తకం గానీ సామానులో, ఫోనులో ఉండకూడదు, దొరికితే మీతోపాటు మీ టిబెట్ గైడ్‌కు పెద్ద చిక్కు.

కైలాసం దగ్గర గోళ్ళు, జుట్టు గంటల్లో పెరుగుతాయని, వయసు వేగంగా మీద పడుతుందని, అది మనుషులు కట్టిన పిరమిడ్ అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. మూడుసార్లూ నేను నా గోళ్ళు చూసుకున్నాను, ఇంట్లో ఎలా పెరుగుతాయో అలాగే పెరిగాయి.

ఆపరేటర్ దగ్గర నుంచి ప్లాన్ వచ్చాక, ఏ రాత్రి ఏ ఊళ్ళో, ఎంత ఎత్తులో పడుకోబెడుతున్నారో వరసగా రాసి పంపండి. అమ్మగారి బీపీ మాత్ర పేరు కూడా రాయండి. చూసి ఎక్కడ ఇంకో రాత్రి కలపాలో చెప్తాను.